ఓర్పుమానిక

పెళ్ళయిన కొత్తలో లహరి తన భర్త ఓబులేసును ఒక విషయానికి తెగ ఆటపట్టించేది. ఇంటికి చుట్టాలొస్తే కుర్చీలోంచి లేవడానికి బద్ధకించే మనిషి, సరుకెక్కించే సైడింగులోకి గూడ్సు బండి వస్తోందంటే మాత్రం తింటున్న కంచం ముందునుంచి లేచి పరిగెత్తేవాడు. ఆయనొక్కడే కాదు, నాగిరెడ్డిబావి ఊరు మొత్తం అంతే. బండి ఆగగానే ఇంజనుకు పసుపు రాసి బొట్టు పెట్టేవాళ్ళు. ఎత్తుడు పనివాళ్ళలో అందరికంటే పెద్దదైన దస్తగిరమ్మ మొదటి రాయి వ్యాగన్లో వేసేది. ఆ తర్వాతే మిగతావాళ్ళు గంపలు ముట్టుకునేది. లోడరు యంత్రాలు వచ్చి గంపలు అటకెక్కినా ఆ మొదటి రాయి మాత్రం దస్తగిరమ్మదే. వచ్చిన బండిని ఖాళీగా పంపడమంటే, గడప తొక్కిన మనిషిని అన్నం పెట్టకుండా పంపినంత తప్పు వాళ్ళకు. ఊరు పుట్టాక అలా ఒక్కసారీ జరగలేదని గొప్పగా చెప్పుకునేవారు.

కడప జిల్లా కొండల మధ్య ముగ్గురాయి గనుల మీద బతికే ఊరది. సైడింగు పక్కన రాయి పోగేసే యార్డు, దాని గని ఓబులేసుకు తండ్రి నుంచి వచ్చినవి. ముగ్గురాయి చూడటానికి మామూలు బూడిదరంగు రాయే, ఎత్తితేనే దాని సంగతి తెలిసేది. గుప్పెడంత ముక్క కూడా చేతిని కిందికి లాగేస్తుంది. దాన్ని పొడి చేసి సముద్రం అడుగున నూనె బావులు తవ్వేవాళ్ళకు అమ్ముతారు. అంత బరువు సరుకు ఓడరేవుకు చేరాలంటే రైలు తప్ప గతి లేదు. ఆ రైలు గజవాహన కంపెనీది. సరుకు రైళ్ళను కంపెనీలకు అప్పగించినప్పుడు ఒక్కో దారిలో ఇద్దరు ముగ్గురు పోటీ పడతారని, కిరాయి దానంతటదే దిగొస్తుందని పెద్దలు చెప్పారు. పెద్ద నగరాల దారుల్లో పోటీ పడ్డారేమో గానీ ఈ కొండల్లోకి గజవాహన ఒక్కటే వచ్చింది. పట్టాలూ దానివే, ఇంజన్లూ దానివే, ఇష్టం కూడా దానిదే.

కిరాయి ఎక్కువైందని మొరపెట్టుకోవడానికి సుంకాల మండలి ఒకటుంది. చట్టంలో మంచి మాటే రాశారు. సరుకు పంపేవాడు భరించగల హద్దును కిరాయి దాటకూడదట. ఆ హద్దు ఎక్కడుంటుందో మాత్రం రాయడం మరిచిపోయారు. విచారణ జరిగిన ప్రతిసారీ గనులవాళ్ళు వెళ్ళి చచ్చిపోతున్నామనేవారు. గజవాహన వకీలు నింపాదిగా లేచి, "పోయిన ఏడు కూడా చచ్చిపోతున్నామనే అన్నారు. ఈ ఏడు మళ్ళీ వచ్చి అంటున్నారంటే బతికే ఉన్నారు కదండీ. అంత కష్టమైతే లారీలు లేవా?" అనేవాడు. సభలో నవ్వులు వినిపించేవి. కొండదారిలో ముగ్గురాయి లారీ ఎక్కిన మనిషెవడూ ఆ సభలో లేడు.

ఆ నవ్వుకు లహరి ఒళ్ళు మండిపోయింది. ఆమె తిరుపతిలో ఒక రవాణా పరిశోధనశాలలో పనిచేసేది, సెలవు రోజుల్లో ఊరికి వచ్చిపోయేది. కష్టానికి ఒక కొలత ఉంటే ఎవడూ నవ్వడు అనుకుంది. ఆ పట్టుదలతోనే ఏళ్ళ తరబడి కూర్చుని ఆ పరికరాన్ని తయారుచేసింది.

అరచేయంత పెట్టెలు కొన్ని గనిలో, తూకం దగ్గర, డీజిలు ట్యాంకు దగ్గర, వంటపాక దగ్గర వేలాడతాయి. యార్డులో పనిచేసే ప్రతి మనిషి మణికట్టుకూ ఒక పూస ఉంటుంది. రాయి ఎంత పోగుపడింది, యంత్రం ఎంతసేపు నడిచింది, మనుషులు కడుపునిండా తిన్నారా, ఎలా నిద్రపోయారు, గుండె ఎలా కొట్టుకుంది, గొంతులు ఎప్పుడు పెరిగాయి, ఇవన్నీ గమనించి అది ఒక్కటే చెబుతుంది. వచ్చిన బండిని ఖాళీగా తిప్పిపంపే స్థితికి ఈ యార్డు ఇంకెంత దూరంలో ఉంది అని. మొదట పెట్టిన యార్డుల్లో మూడు మూతపడతాయని అది ముందే చెప్పింది. మూడూ మూతపడ్డాయి. పరిశోధనశాల దానికి భారసహన మాపకం అని నోరు తిరగని పేరు పెట్టింది. గింజలు కొలిచే మానికలాగా ఇది ఓర్పును కొలుస్తుంది కాబట్టి లహరి ఓర్పుమానిక అంది. ఆ పేరే నిలిచింది.

మండలి మానికను ఒప్పుకుంది. మొదటి విచారణలోనే నాగిరెడ్డిబావి కిరాయి హద్దు దాటిందని తేలి తగ్గించారు. ఓబులేసు ఊరంతటికీ ఓళిగలు పంచాడు. దస్తగిరమ్మ లహరి బుగ్గలు నిమిరి వేళ్ళు విరిచి, "మా కష్టాన్ని కొలిచే పెట్టె చేసినావంట గదమ్మే. నువ్వు సల్లగుండు" అంది.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. మానిక చెప్పేది ఇరుపక్షాలూ చూడవచ్చని నిబంధన ఉంది. అలా అయితేనే న్యాయమని రాయించింది లహరే. గజవాహన చూడటం మొదలుపెట్టింది. అంతవరకూ అందరికీ ఇంచుమించు ఒకటే కిరాయి ఉండేది. ఇప్పుడు ఏ యార్డుకు ఆ యార్డు కిరాయి వచ్చింది. దాని హద్దుకు వెంట్రుకవాసి కింద. ఎవరైనా చెమటోడ్చి ఖర్చు తగ్గించుకుంటే ఆ మిగులు మరుసటి బండికే కిరాయిలో కలిసిపోయేది. వానలకు గనిలో నీళ్ళు నిండితే కిరాయి కాస్త దిగేది, ప్రాణం నిలిచేంత మేరకు. బాగుపడనిచ్చేది కాదు, పడిపోనిచ్చేది కాదు. దాటకూడని హద్దు కాస్తా చేరుకోవలసిన హద్దయి కూర్చుంది. అంతా చట్టప్రకారమే జరిగింది గనుక అడిగే దారి కూడా లేదు.

మొదట్లో ఓబులేసు అరిచేవాడు. మేనేజర్ల మీద, ఫోన్ల మీద, ఒక్కోసారి లహరి మీద. "నువ్వు జేసిన పెట్టె మన గొంతు మీద కూచునింది" అనేవాడు. ఆ మాటకు లహరి ఏడ్చేది. ఆ రోజుల్లో మానిక కూడా ఆ అరుపులు విని హద్దు కాస్త దించేది, కిరాయి సడలేది. పోనుపోను ఆయన అరవడం మానేశాడు. అన్నం పెడితే తినేవాడు. కూర బాగుందా అంటే బాగుందనేవాడు, ఉప్పు మరిచిపోయినా సరే. పడుకుంటే తెల్లారేదాకా కదలడు. పూస దాన్ని మంచి నిద్ర అని రాసుకునేది. పక్కన పడుకున్న లహరికి అది నిద్ర కాదని తెలుసు, అయినా ఆమెకూ ఏమీ అనిపించేది కాదు. ఒకనాడు కావాలని కూర్చుని ఏడవడానికి చూసింది. ఎంతసేపు కూర్చున్నా కన్నీళ్ళు రాలేదు. లేచి గిన్నెలు తోముకుంది.

యార్డులో మిగతావాళ్ళూ అలాగే అయ్యారు. ఎవరూ తగాదా పడరు, ఎవరూ నవ్వరు. మానిక ముల్లు మాత్రం నెలనెలా పైకి పోతోంది. ఈ యార్డు గట్టిపడుతోంది, ఇంకా భరించగలదు అని దాని లెక్క. కిరాయి కూడా దాని వెంటే పైకి పోయింది.

పరిశోధనశాల పెద్ద డాక్టర్ భుజంగరావు చెడ్డవాడేమీ కాదు. లహరి గదిలోకి వస్తే ముందు కాఫీ తెప్పించేవాడు. ఆ రోజు కూడా తెప్పించాడు.

"సార్, మొద్దుబారిన మనిషికీ గట్టి మనిషికీ మానికకు తేడా తెలియడం లేదు" అంది లహరి. "ఇద్దరి గుండే నెమ్మదిగానే కొట్టుకుంటుంది. ఇద్దరూ అరవరు. మా యార్డు బలంగా ఉందని అది చెబుతోంది. బలం కాదది."

"కావచ్చమ్మా" అన్నాడాయన. "కానీ మానికను మనం అడిగిన ప్రశ్న అది కాదు కదా. బండి నింపుతారా, నింపరా అని అడిగాం. మొద్దుబారినవాడూ నింపుతాడు, గట్టివాడూ నింపుతాడు. దానికి తేడా ఎందుకు తెలియాలి?"

"ఇంక నింపరు సార్. హద్దు ఎప్పుడో దాటిపోయారు. మానికకు తెలియలేదంతే."

భుజంగరావు కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు. "నువ్వన్నది నిజమైతే మంచిదే. మానిక భరిస్తారని చెప్పిన కిరాయికి ఒక్క బండి ఖాళీగా పోతే చాలు, హద్దు దాటిందని రుజువైపోతుంది. అప్పుడు ఆ దారిని రెండో కంపెనీకి తెరవక మండలికి తప్పదు. ఓడరేవు దగ్గర ఇంకో కంపెనీ ఇంజన్లు పెట్టుకుని కాచుకుని ఉంది కూడా. ఆ దారిలో ఉన్న యార్డులన్నీ బతుకుతాయి." గ్లాసు మళ్ళీ అందుకున్నాడు. "కానీ అది వాళ్ళంతట వాళ్ళు చేయాలి. నువ్వు ఒక్క మాట చెప్పినా, సైగ చేసినా నాటకమని కొట్టేస్తారు. మీ ఒక్క యార్డునే కాదు, దారిలోని యార్డులన్నీ కలిసి పెట్టుకున్న అర్జీనే. నువ్వు అక్కడ బంధువువి, కల్పించుకోనని ప్రమాణం చేసి సంతకం పెట్టావు. గుర్తుంది కదా?"

"గుర్తుంది సార్" అంది లహరి. కాఫీ చల్లారిపోయింది, అయినా తాగింది.

సెలవు పెట్టి ఊరికి వెళ్ళింది. బండి వచ్చేది మరునాడు. ఓబులేసు వసారాలో కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. ఆమె వచ్చి చెప్పులు విడుస్తుంటే ఆయనే అన్నాడు.

"రేపు బండికి రాయి ఎక్కియ్యం. డీజిలు పోసేదానికి లేదు. కూలోళ్ళకు ఇచ్చేదానికి లేదు. రావద్దని అందరికీ చెప్పినా. ఖాళీగా పోనీ."

వాన పడుతుందేమో అన్నట్టుగా చెప్పాడా మాట. లహరి రెండో చెప్పు కూడా విడిచింది. ఎక్కడో లోపల, చాలాకాలంగా చలనం లేనిచోట, ఏదో కదిలింది. అది ఆశ అని గుర్తుపట్టడానికి కూడా కొంచెం సమయం పట్టింది.

"మీ ఇష్టం" అంది నేలచూపు చూస్తూ. లోపలికి వెళ్ళాక ఆకలేసింది. ఆకలి అనేది వేసి ఎన్ని నెలలైందో. సంగటి కెలికి చెనిక్కాయల పచ్చడి నూరి, ఇద్దరికీ వడ్డించింది. ఆయన తిన్నాడు. ఆమె రెండోసారి పెట్టుకుని తింది.

పొద్దున్నే గజవాహన ఇంజను వచ్చి వాళ్ళ వంతు పది వ్యాగన్లను సైడింగులో విడిచి ముందుకు పోయింది. సాయంత్రం తిరిగొచ్చి, నిండినా నిండకపోయినా లాక్కుపోతుంది. ఇంజనుకు ఎవరూ బొట్టు పెట్టలేదు. ఓబులేసు తూకం గది అరుగు మీద కూర్చున్నాడు. లహరి గుమ్మంలో నిలబడింది. ఎండ ముదురుతోంది. వ్యాగన్లు నోళ్ళు తెరుచుకుని అలాగే ఉన్నాయి. ఇంకొంచెం ఓపిక పట్టాలి అనుకుంది ఆమె.

అప్పుడు ఊరి వైపు నుంచి మనుషుల అలికిడి వినబడింది.

ముందు దస్తగిరమ్మ నడుస్తోంది. తలమీద గుడ్డ చుట్ట, చంకలో గంప. వెనకాల ఆమె కోడళ్ళు, వాళ్ళ వెనక ఎత్తుడు పనివాళ్ళు, ఆ వెనక పని మానేసి ఏళ్ళయిన ముసలివాళ్ళు, పక్క పల్లెల వాళ్ళు. అటకల మీది పాత గంపలన్నీ దిగొచ్చాయి. పనిలో ఉండేవాళ్ళ మణికట్ల మీద పూసలు ఎండకు మెరుస్తున్నాయి.

"ఏం నాయినా ఓబులేసూ" అంది దస్తగిరమ్మ, "బండొచ్చి నిలబడుకోనుంటే ఇట్ల కూచున్యావేంది?"

"డీజిలు లేదు పెద్దమ్మా. కూలి గూడా ఇయ్యలేను. రావద్దని చెప్పి పంపించినా గదా. పోండి ఇండ్లకు."

"కూలి ఎవురడిగినారు నిన్ను? వానల్లేని సంవచ్చరం మీ నాయిన మా ఇండ్లల్లో పొయ్యి ఆరిపోకుండా చూసినాడు. అది మరిచిపోయే నా కొడుకులు ఈడ ఎవురూ లేరు. మేము బతికుండంగా మన సైడింగులోంచి బండి ఖాళీగా పోవల్లనా? లెయ్, లెయ్."

లహరి పరుగులాంటి నడకతో అరుగు దిగింది. పక్కనున్న స్తంభానికి పెట్టె వేలాడుతోంది. అది వింటుందని ఆమె కంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరు?

"వద్దు అత్తా" అంది. "ఎండ చూడు ఎలా ఉందో. నీకసలే మోకాళ్ళ నొప్పులు."

"మోకాళ్ళు యాడికి పోతాయి మా, రేపు గూడా ఉంటాయి నొచ్చేదానికి. బండి రేపుంటాదా?"

"ఎవరికైనా వడదెబ్బ తగిలితే ఏం చేస్తాం? ఈసారికి మానేయండి. నా మాట వినండి."

"నీ మనసు మాకు తెలీదా లహరమ్మా. మాకు కష్టమైతాదని నీ బాధ. నీడకు పోయి కూచో పో. కడవలో నీళ్ళు ఉండాయో లేదో చూడు."

ఇంకొక్క మాట చాలు. ఇది నింపితే మనం మునిగిపోతాం అత్తా, ఖాళీగా పోతేనే బతుకుతాం. అంతే. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. పైకి అంటే దారిలోని యార్డులన్నీ ఈ క్షణాన్నే ఓడిపోతాయి. అనకపోతే సాయంత్రానికి ఓడిపోతాయి, ఒకవేళ వీళ్ళు మధ్యలో అలసిపోయి ఆపేస్తే తప్ప. లహరి ఆ ఒకవేళను పట్టుకుని నోరు మూసుకుంది. దస్తగిరమ్మ వంగి ఒక రాయి తీసి, కళ్ళకద్దుకుని మొదటి వ్యాగన్లోకి విసిరింది. ఇనుము మోగింది.

వాళ్ళు అలసిపోలేదు. అసలు అంత హుషారుగా ఆ యార్డులో పని జరిగి ఎన్నేళ్ళయిందో. కుప్ప దగ్గర నుంచి వ్యాగన్ల దాకా బారు కట్టి గంపలు చేతి నుంచి చేతికి అందిస్తున్నారు. ఎవరో పరాచికమాడారు, ఎవరో తిట్టారు, అందరూ నవ్వారు. ఓబులేసు అరుగు మీద కాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత లేచి తువ్వాలు తలకు చుట్టుకుని వెళ్ళి బారులో నిలబడ్డాడు. "యజమాని చెయ్యి మెత్తబడిపోయింది, గంపలో సగమే పట్టండబ్బా" అని ఒకామె అంటే, ఆయన పగలబడి నవ్వాడు. ఆ నవ్వు విని లహరి తల తిప్పి చూసింది. తను పెళ్ళి చేసుకున్న మనిషి అతనే. ఇన్నాళ్ళూ ఎక్కడికో పోయి ఈ రోజే తిరిగొచ్చాడు, ఈ ఒక్క రోజే రాకుండా ఉండాల్సింది.

మధ్యాహ్నం దాటేసరికి సగం పైగా నిండాయి. సగం నింపి వదిలేసిన బండిని మానిక నిండిన బండిగానే చూస్తుంది. ఆ నియమం కూడా లహరికి కంఠతా వచ్చు. ఇక కాచుకోవడానికి ఏమీ లేదు. దస్తగిరమ్మ కోడలు ఖాళీ గంప ఒకటి చాపితే లహరి అందుకుంది. బారులో భర్త పక్కన నిలబడి వచ్చిన గంపను వచ్చినట్టు ముందుకు అందించింది. పొద్దున కదిలిన ఆశ ఎప్పుడు ఆగిపోయిందో ఆమె చూసుకోలేదు. భుజాలు నొప్పి పుట్టాయి. ఆ నొప్పి కూడా ఇంకెవరిదో అన్నట్టుంది.

సాయంత్రం ఇంజను వచ్చి నిండు వ్యాగన్లను తగిలించుకుని పోయింది. జనం చేతులెత్తి సాగనంపారు.

మండలి విచారణ విజయవాడలో జరిగింది. చల్లని హాలు, మెత్తని కుర్చీలు. అధ్యక్షురాలు కళ్ళజోడు సవరించుకుని చదివింది.

"నాగిరెడ్డిబావి యార్డు. డీజిలు లేదు, యంత్రం నడవలేదు, కూలి ఇవ్వలేదు. అయినా బండి నిండింది. ఆ రోజు పూసలన్నీ గత ఏడాదిలో ఎన్నడూ లేనంత ఉల్లాసం చూపించాయి. కనుక ఈ యార్డు హద్దు మనం అనుకున్నదానికంటే చాలా పైన ఉన్నట్టు మండలి భావిస్తోంది. అర్జీ కొట్టివేయడమైనది. ఇకమీదట స్వచ్ఛంద శ్రమను కూడా మానిక గణనలో చేర్చి, ఈ దారిలోని అన్ని యార్డులకూ వర్తింపజేయాలి."

గజవాహన వకీలు ఈసారి ఎగతాళి చేయలేదు. లహరి వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "నిజంగా మీ ఊరి మనుషులు గొప్పవాళ్ళమ్మా" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

"మీరేమైనా చెప్పదలచుకున్నారా?" అని అధ్యక్షురాలు లహరిని అడిగింది.

లహరి లేచి నిలబడింది. "అది మా మీద అభిమానంతో ఒక్కసారి చేసిన పనండి. అభిమానాన్ని కిరాయిలో కలపకండి. అది మళ్ళీ మళ్ళీ జరిగేది కాదు."

"జరుగుతుందో లేదో మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేనమ్మా. కొత్త కిరాయికి కూడా నింపుతారో లేదో వచ్చే బండికి మానికే చెబుతుంది. నింపకపోతే ఆ రోజున అర్జీ మళ్ళీ తెరుస్తాం. అంతవరకూ మీ ప్రమాణం అలాగే ఉంటుంది."

బయటికొచ్చాక భుజంగరావు ఆమె భుజం తట్టాడు. "నీ పెట్టెకు తెలియని సంగతి ఒకటి తెలిసిందిలే. నష్టమేమీ లేదు" అన్నాడు. ఏం సంగతి అని లహరి అడగలేదు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. దారి పొడుగునా కళ్ళు తెరుచుకునే ఉంది గానీ చూసినవేవీ గుర్తులేవు.

ఊళ్ళో బస్సు దిగేసరికి వీధి మలుపులోనే దస్తగిరమ్మ కాచుకుని ఉంది. బండి నింపిన రోజు నుంచి ఆమె కుడిచెయ్యి పైకి లేవడం లేదు, గుడ్డతో మెడకు కట్టుకుంది. పక్కన ఓబులేసు ఉన్నాడు. లహరి ముఖం చూసి ఆయనకు అర్థమైపోయింది. ఆయన కళ్ళలో బారులో నవ్విన పూట వెలిగింది ఏదైతే ఉందో అది నెమ్మదిగా వెనక్కి వెళ్ళిపోయింది.

దస్తగిరమ్మకు ముఖాలు చదివే ఓపిక లేదు. లహరి చేతిలో సంచి ఎడమచేత్తో లాక్కుంటూ అడిగింది.

"ఏమన్నారమ్మా కచేరీలో? మేము బండి ఎక్కిచ్చింది మీకు పనికొచ్చెనా?"

ఎండలో గంప మోసిన మనిషి. మెడకు వేలాడే ఆ చెయ్యి. లహరికి ఏడుపు రావాల్సిన చోటు అది. రాలేదు.

"వచ్చింది అత్తా" అంది.

ముసలామె ముఖం విచ్చుకుంది. "నేను చెప్పలేదా ఓబులేసూ. అట్లయితే వచ్చే తూరి గూడా వస్తాంలే. ఈ చెయ్యి లేకుంటే ఇంగో చెయ్యి ఉండాది. కూలి సంగతి మీరు తలుచుకోవద్దు. ఈసారి పై పల్లెలోళ్ళను గూడా పిలుస్తా, పొద్దు గూకకముందే అయిపోతాది."

ఓబులేసు తలొంచుకున్నాడు. లహరి అలాగే అత్తా అంది. ముగ్గురూ ఇంటి వైపు నడిచారు.